మింగాకే జవాబు

నా చేతిరాత బాగుండదు. అక్షరాలు తప్పులు పోతాయి. ఊరి బడిలో చదివింది కొంచెం, అందులో మరిచిపోయింది ఎక్కువ. మన్నించి చదువుకోండి. మా వదిన పోయిన మంగళవారం పొద్దున్న కాలం చేసింది. ఇక్కడ బర్మాలో, అహ్లోన్‌లో బియ్యం మిల్లు పక్క కూలీల ఇళ్ళ లైన్లలో ఒకప్పుడు మాతో ఉండి, తర్వాత గంజాం వైపు, సిక్కోలు వైపు వెళ్ళిపోయిన మనవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఆవిడ చేతి మందు మింగనివాళ్ళు మీలో ఎవరూ ఉండరు.

ఆవిడకి వైద్యం తెలియదు. మిల్లులో బియ్యం చెరిగేది. మందు ధర్మాసుపత్రి నుంచి వచ్చేది, మింగించడం ఆవిడ వంతు. చలిజ్వరం మాత్ర ఎంత చేదో మీకు చెప్పక్కర్లేదు. మగాళ్ళు కూడా మొహం తిప్పేసుకునేవారు. ఆవిడ మాత్రని నాలుక వెనక్కి పెట్టేది, నీళ్ళు పోసేది, సరిగ్గా అప్పుడు ఏదో ఒకటి అడిగేది. విని ఊరుకోలేని మాట.

"ఒరే, బస్తా ఎత్తలేక నిన్న ఏడిసినావంట, నిజమేటి?"

జవాబు చెప్పాలంటే నోరు ఖాళీ కావాలి. గుటుక్కున మింగి, "ఎవడే ఆ కూత కూసింది!" అని లేచేవాళ్ళు.

"తిట్టుకో నాయనా, తిట్టుకో. మందు దిగిపోనాది" అని ఆవిడ చెంబు పట్టుకుని నవ్వుతూ వెళ్ళిపోయేది. ఎదురింటి బర్మా తాత కూడా ఆవిడ దగ్గరికే వచ్చేవాడు. ఆవిడ వచ్చీరాని బర్మా మాటలతో ఏదో అడిగేది. అది సరిదిద్దడానికి ఆయన తొందరగా మింగేవాడు.

నా దగ్గర మాత్రం ఆ ఎత్తు పారలేదు. నేను మాటకారిని కాను, మీకు తెలుసు. ఎంత తిట్టినా బదులు చెప్పను. నాకు చలిజ్వరం పట్టిన ఏడు, మాత్ర బుగ్గన పెట్టుకుని అలాగే కూర్చునేవాణ్ణి. అది కరిగేది, చేదు తగిలేది, కక్కేసేవాణ్ణి. మందు కడుపులో నిలవకపోతే మనిషి నిలవడని ఆసుపత్రి డాక్టరు మా అన్నతో చెప్పాడు. పక్క గదిలో మనిషి అదే జ్వరంతో అప్పటికే పోయాడు. అన్న గుమ్మంలో కూర్చుని ఏడ్చాడు.

వదిన మళ్ళీ మాత్ర పెట్టింది, నీళ్ళు పోసింది. తిట్టలేదు. మెల్లిగా అడిగింది.

"మరిదీ, లైన్ల ముందు ఆకుకూరలమ్ముతాదే, ఆ పిల్లని నీకు అడగమంటావేటి?"

ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. అవసరం లేకపోయినా రోజూ తోటకూర కొనేవాణ్ణి, అంతే.

మింగాను. "ఊ" అన్నాను.

మందు నిలిచింది. నేనూ నిలిచాను. పంటలు ఇళ్ళకి చేరే వేళకి పెళ్ళయింది. ఆ పెళ్ళికి మీలో కొందరు వచ్చారు.

తర్వాత ఆసుపత్రిలో కొత్త రకం బిళ్లలు వచ్చాయి. బియ్యప్పిండితో చేసిన రెండు పలుచని మూతలు, మధ్యలో పొడి. నీళ్ళలో ఒక్కసారి ముంచితే మెత్తబడి గొంతులోకి జారుతుంది, చేదు తెలియదు. మనం మిల్లు మనుషులం కదా, మూత ఒలిచి పారేసి, లోపలి పొడి నోట్లో వేసుకుని చేదుకి ఉమ్మేసేవాళ్ళం. వదిన నెత్తి కొట్టుకునేది. "పొట్టు తియ్యకండర్రా! ఈ గింజ పొట్టుతోనే మింగాల. మనం ఆడించిన బియ్యమే, మన నోటికే వొచ్చినాది."

మొన్న ఆవిడ మంచం పట్టినప్పుడు ఇచ్చింది ఆ బిళ్లలే. ఆవిడకి మింగించేవాళ్ళు లేరు. అన్న పోయాడు, నా భార్యా పోయింది. నేనే తల పైకెత్తి పట్టుకుని బిళ్ల ముంచి నోట్లో పెట్టాను. ఆవిడ పెదాలు బిగించి నన్నే చూసింది. అడగమని కళ్ళతోనే అంది. నాకు మాటలు ఎక్కడివి? చివరికి అడిగాను.

"వొదినా, ఆ రోజు నేను ఊ అన్నాకే ఆ పిల్లని అడిగినావా?"

మింగింది. "నువ్వు ఊ అనే దాకా ఆగుతానేటి? ముందే అడిగేసినాను, ఎర్రోడా."

"మరి అదేటన్నాది?"

ముసలి మొహంలో వెనకటి నవ్వు వచ్చింది. "అది రేపటి బిళ్లకి."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కాపురం చేసినన్నాళ్ళూ నేను నా భార్యని ఆ మాట అడగలేదు, తనూ చెప్పలేదు. పొద్దున్నే బిళ్ల ముంచి పెట్టి, "వొదినా, ఏటన్నాది?" అన్నాను. కళ్ళు నవ్వాయి. గొంతు కదల్లేదు. మళ్ళీ అడిగాను. నీళ్ళు పెదవి చివరి నుంచి దిండు మీదికి కారాయి. నాలుక మీద బిళ్ల తెల్లగా, మెత్తగా, గంజిలో మెతుకులా అలాగే ఉండిపోయింది.

ఆ రోజుల్లో వదినతో కలిసి బియ్యం చెరిగిన ఆడవాళ్ళు మీ ఇళ్ళలో ఉంటారు. ఆ పిల్ల ఏమందో వదిన వాళ్ళతో అనే ఉంటుంది. అడిగి చూడండి. నేనూ ముసలివాణ్ణయ్యాను. జవాబు తొందరగా రాయండి.