రాజీ కాగితంలో మూడో పేరా

దయ్యాలు, గాలి సోకడాలు నేను నమ్మను. ఎల్బీనగర్‌లో కోర్టు దగ్గరి సందులో పదిహేనేళ్లుగా టైపింగ్ షాపు నడుపుతున్నాను. మనుషులు మనుషులకు చేసేదంతా రోజూ టైపు చేస్తున్నదాన్ని, వేరే దయ్యాలతో నాకు పనేముంది?

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం హయత్‌నగర్ నుంచి భార్యాభర్తలు వచ్చారు. కొడుతున్నాడని ఆమె అతని మీద కేసు పెట్టింది. పెద్దమనుషులు కూర్చోబెట్టి ఒప్పించారట. నేను రాజీ కాగితం టైపు చేసిస్తే, ఆమె సంతకం పెట్టి అతనితో ఇంటికి వెళ్లాలి. చెప్పిందంతా అతనే. ఆమె స్టూలు మీద కూర్చుని నేల చూస్తోంది.

మా సందులో ఎవరూ కాగితాన్ని మొదటి నుంచి టైపు చేయరు. కంప్యూటర్‌లో పాత పార్టీ ఫైలు తెరిచి పేర్లు మారుస్తాం. నేనూ అదే చేశాను. మూడో పేరాలో ‘నా భర్త నన్ను ఏనాడూ కొట్టలేదు’ అని టైపు చేసి కిందికి వెళ్లేసరికి, ఆ వాక్యం మీద అడ్డంగా గీత పడింది.

పాత ఫైలులో స్టైల్, అంటే అక్షరాల అమరిక, చెడిపోయి ఉంటుందనుకున్నాను. ఒకచోట మారిస్తే అన్నిచోట్లా దానంతటదే మారిపోయే ఆప్షన్ ఒకటుంటుంది, మా తిప్పలు సగం దాంతోనే. దాని టిక్ తీసేశాను. తెర మీద గీత పోయింది. ప్రింట్ తీస్తే కాగితం మీద ఉంది.

ఫార్మాట్ మొత్తం తుడిచేశాను. మళ్లీ వచ్చింది. చివరికి అంతా నోట్‌ప్యాడ్‌లో వేశాను. అందులో ఉత్త అక్షరాలు తప్ప ఏ సోకూ నిలవదు. అక్కడి నుంచి కొత్త ఫైలులోకి తెచ్చాను. మిగతా పేరాలన్నీ శుభ్రంగా ఉన్నాయి, ఆ ఒక్క వాక్యం మీదే గీత. ఒళ్లు మండి కీబోర్డును బల్లకేసి బాదాను. పక్క షాపులో ప్రింట్ తీయించినా అంతే. అప్పుడు మాత్రం నాకు భయం వేసింది.

అతను కాగితాలన్నీ చించి నా మొహాన విసిరాడు.

"నాతోని నకరాలు చేస్తున్నవా? ఎవరు చెప్పిన్రు నీకు గిట్ల చెయ్యమని?" అంటూ మానిటర్‌ను ఒక్క గుద్దు గుద్దాడు. తెర పగిలిపోయింది.

అప్పుడు ఆమె మొదటిసారి నోరు తెరిచింది.

"అక్కా, గా గీత అట్లనే ఉండనియ్యి. నేను సంతకం పెట్ట."

అతను ఆమె జుట్టు పట్టుకుని తలను ప్రింటర్ అంచుకేసి కొట్టాడు. రెండోసారి కొట్టబోతుంటే నేను కాగితాలకు చిల్లులు పెట్టే ఇనప పంచింగ్ మెషీన్ ఎత్తి అతని చెవి మీద వేశాను. పడిపోయాక కూడా వేశాను. నా చేతుల మీది నెత్తురు ఎవరిదో నాకు తెలియలేదు. కోర్టు దగ్గరి కానిస్టేబుల్ వచ్చి మమ్మల్ని విడదీశాడు. ఆమెను ఆటోలో దవాఖానకు తీసుకెళ్లాను. కనుబొమ మీద ఆరు కుట్లు పడ్డాయి. అక్కడి నుంచి ఆమె పుట్టింటికి వెళ్లిపోయింది. ఆమె పెట్టిన కేసు నడుస్తోంది.

మర్నాడు వేరే మానిటర్ పెట్టి ఆ ఫైలు తెరిచాను. గీత లేదు. ప్రింట్‌లోనూ లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటర్ కోర్సులు చెప్పే మా తమ్ముడు వచ్చి, స్టైల్స్ అన్నీ బాగానే ఉన్నాయని, నేనే ఏదో నొక్కి ఉంటానని అన్నాడు. మరి నోట్‌ప్యాడ్ సంగతేమిటని అడిగితే మాట మార్చాడు.

అదేమిటో ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు. ఆమె మెడ మీద వేళ్ల గుర్తులు నేను టైపు మొదలుపెట్టకముందే చూశాను. చూసి కూడా ఆ వాక్యం టైపు చేశాను. గీత పడకపోయి ఉంటే, సంతకానికి పెన్ను కూడా నేనే అందించేదాన్ని.