బారో, లెండ్

సికింద్రాబాద్ స్టేషన్ వెయిటింగ్ హాల్లో ఉండగా నా ఫోన్ ఆగిపోయింది. ఎదురు బెంచీ మీద ఒక పెద్దావిడ లావుపాటి ఇంగ్లీషు పుస్తకం చదువుకుంటున్నారు. ఆమెకు తెలుగు రాదేమోనని, ధైర్యం చేసి ఇంగ్లీషులోనే అడిగాను.

"మేడమ్, ప్లీజ్ బారో మీ యువర్ చార్జర్."

పక్కనే ఉన్న మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. హాలంతా వినబడేలా అంది.

"అయ్యో మమ్మీ, బారో కాదు, లెండ్! మనం తీసుకుంటే బారో, వాళ్లు ఇస్తే లెండ్. బారోకు ఫ్రమ్ వస్తది, లెండ్‌కు టు వస్తది. ఎన్నిసార్లు చెప్పాలె నీకు?"

చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు. ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆవిడ మాత్రం నవ్వలేదు. చార్జర్ నా చేతిలో పెట్టారు. కాసేపటికి మా అమ్మాయి వైపు వంగి, "బారో మీ యువర్ పెన్, బేటా" అన్నారు.

అమ్మాయి ఏదో అనబోయి ఆగి, పెన్ను ఇచ్చింది. అంతలో ఆవిడకు ఫోన్ వచ్చింది. ఎక్కడా తడబడకుండా చక్కటి ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడారు. తర్వాత ఒక్క అక్షరమైనా రాయకుండానే పెన్ను తిరిగి ఇచ్చేశారు.

"ఆంటీ కావాల్నే తప్పు మాట్లాడింది మమ్మీ" అంది మా అమ్మాయి మెల్లగా, తల దించుకుని.

నా పరువు కాపాడటానికి ముక్కూ మొహం తెలియని మనిషి తప్పు మాట్లాడాల్సి వచ్చిందే అని మరింత సిగ్గేసింది.

ఇప్పుడు ఆ రెండు మాటల తేడా నాకు బాగా తెలుసు. అయినా మా అమ్మాయి పక్కనుంటే, ఎవరినైనా తెలుగులోనే అడుగుతాను.