ఇస్త్రీ బల్ల మీద తెల్లపొడి

మా ఆయనకి ఒక్కతే అక్క. ఆవిడ పనిచేసే ఫ్యాక్టరీలో అందరూ ఆవిణ్ణి ‘ఎందుకమ్మ’ అంటారు. ఎందుకూ అని అడగకుండా మా వదిన మంచినీళ్లు కూడా తాగదు మరి. కుళాయి నీళ్లు ఒక్కోసారి పాలలా తెల్లగా వచ్చి, గ్లాసులో కాసేపటికి తేటపడతాయి కదా, అదెందుకో చెప్పమని నా పెళ్లైన కొత్తలో నన్ను కూర్చోబెట్టింది. “నాకేం తెలుసు వదినా, దాహమేస్తే తాగుతాను,” అన్నాను. ఆ రోజు నుంచి నేనో మొద్దునని ఆవిడ నమ్మకం. ఆవిడకి పనీపాటా లేదని నా నమ్మకం.

నోటికొచ్చిందని అనేస్తాను గానీ, ఆవిడది చిన్న పనేం కాదు. కరెంటు తీగల మీద తొడిగే ప్లాస్టిక్ తయారుచేసే ఫ్యాక్టరీ అది. తీగ వేడెక్కితే ఆ తొడుగు అంటుకోకూడదు కదా, అందుకని అందులో మంటను అణిచే మందులు కలుపుతారు. వాటిలో ఒకటి యాంటిమనీ ట్రైఆక్సైడ్. నాలుక మడతపడే పేరు, మేం తెల్లపొడి అనేవాళ్లం. మైదాపిండి కన్నా మెత్తన, గట్టిగా ఊపిరి వదిలితే లేచిపోతుంది. ఆ సంచుల మూతి కోసి పొడి తూచడం మా వదిన పని. నెత్తి మీద దుమ్ము పీల్చేసే గొట్టం, ముఖానికి రెండు గుండ్రటి వడపోత బిళ్లలున్న మాస్కు, చేతులకి తొడుగులు. పని దిగాక అక్కడే స్నానం చేసి, బట్టలు మార్చుకునే ఇంటికొస్తుంది. “ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లోకి పోతే క్యాన్సర్ రావచ్చంటారే,” అని ఆవిడే చెప్పింది.

మా ఆయనది ఇస్త్రీ దుకాణం. పెద్ద రోడ్డు మలుపులో ఒకే గది. ఓసారి ఫోన్ మోగిందని ఇస్త్రీపెట్టెను బల్ల మీద పరిచిన దుప్పటి మీదే బోర్లా వదిలేసి బయటికెళ్లారు. వచ్చేసరికి బల్లా, హోటలు వాళ్ల దుప్పట్ల కట్టా, గోడ మీది గడియారం, అన్నీ మంటలో ఉన్నాయి. ప్రాణాలకేం కాలేదు. కానీ ఆ తర్వాత ఆయన ఇస్త్రీపెట్టె పట్టుకుంటే చెయ్యి వణికేది. పిడి దగ్గర చెయ్యి పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, చివరికి కొత్త బల్ల దగ్గర స్టూలు మీద కూలబడిపోయేవారు. ఇల్లు గడిచేది ఆ దుకాణం మీద. నాకు నిద్ర పట్టేది కాదు.

అప్పుడు తెచ్చింది మా వదిన, తెల్లపొడి ఖాళీ సంచులు. మంటను అణిచే మందు సంచి కాబట్టి దాన్ని బల్ల మీది దుప్పటి కింద పరిస్తే బల్ల అంటుకోదని లెక్క. ఖాళీ సంచుల్ని మూతున్న డ్రమ్ములోనే వెయ్యాలని అక్కడ రూలు. గట్టి సంచులు, లోపల ప్లాస్టిక్ పొర, ఊరికే పారెయ్యడం ఎందుకని పనివాళ్లంతా ఇంటికి తీసుకెళ్లేవాళ్లు. ఖాళీ సంచిలో ఏముంటుంది? అన్నిటికీ ప్రశ్న వేసే మా వదిన ఆ ఒక్కటీ అడగలేదు.

మా ఆయన ఒకడుగు ముందుకేశారు. సంచి మూలల్లో మిగిలిన పిడికెడు పొడి దులిపి, దుప్పటి మీద చల్లి, అరచేత్తో పామారు. దాని మీద ఇస్త్రీ మొదలుపెట్టారు. చెయ్యి వణకలేదు! “మా అక్క కాపలా ఉంది,” అన్నారు. పొడి పాతబడితే పవర్ తగ్గుతుందని ఆయనకాయనే తీర్మానించుకుని, కొత్త సంచి వచ్చినప్పుడల్లా మళ్లీ పామేవారు. నేనూ సంతోషించాను, ఎందుకు సంతోషించను? మొగుడు మళ్లీ మనిషయ్యాడు.

ఎండలు ముదిరాక మొదలైంది గొడవ. ముంజేతుల మీద, మెడ చుట్టూ ఎర్రగా పొక్కులు. చెమటకాయలని పౌడరు కొట్టాను. తగ్గలేదు. కొన్నిటికి చీము పట్టింది. ఆటలమ్మేమోనని పక్కింటావిడ పిల్లల్ని లోపలికి లాక్కుంది. హోటలు మేనేజరు దుప్పట్లు దించబోయి, ఆయన చేతులు చూసి, కట్ట మళ్లీ బండిలోకి ఎక్కించుకున్నాడు. “నయమయ్యాక కబురు చెయ్యండి. అతిథులు పడుకునే దుప్పట్లు కదా, ఏమనుకోకండి,” అన్నాడు. అనుకోకుండా ఎలా ఉంటాం?

చర్మం డాక్టరు ఓపికైన మనిషి. “ఏదో పడటం లేదు. పూత మందు రాస్తాను, కానీ అదేంటో పట్టుకోకపోతే మళ్లీ మళ్లీ వస్తుంది,” అన్నాడు. ఇంకేం, మా వదినకి చేతినిండా పని దొరికింది.

మొదట సబ్బు మార్పించింది. తర్వాత బట్టలకి గంజి పెట్టడం మాన్పించింది. ఆ తర్వాత నా వంటింటి మీద పడింది. వంకాయ దురదట, మానేశాం. వంకాయకేం తెలుసు పాపం, పొక్కులు తగ్గలేదు. “గుడ్లు వండుతున్నావా?” అంది.

“వదినా, ఇంక మిగిలింది నేనే. నన్ను కూడా మానెయ్యమంటారా?” అన్నాను.

“ఉండవే! రోడ్డు తవ్వినప్పుడు దుకాణం మూశాడు కదా, అప్పుడు పొక్కులు ఎండిపోయాయా లేదా?”

ఎండిపోయాయి. నాకు తట్టనే లేదు.

“మబ్బు పట్టిన రోజుల్లో తక్కువా? ఎండ రోజుల్లో ఎక్కువా?”

“అవును.”

“అయితే ఇంట్లో లేదే. దుకాణంలో ఉంది, చెమటతో కలుస్తోంది,” అంది. ఆవిడ కళ్లు మెరవడం చూస్తే, ఒప్పుకోవద్దూ, నాకూ తెలుసుకోవాలని దురద పుట్టింది. ఇద్దరం దుకాణంలో నీళ్ల సీసా దగ్గర్నుంచి హ్యాంగర్ల దాకా వాసన చూశాం. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఆ బల్ల మీదే చేతులానించి ఆలోచించాం.

ఓ మధ్యాహ్నం వదిన డ్యూటీ మధ్యలో వచ్చేసింది.  నేరుగా బల్ల దగ్గరికెళ్లి, దుప్పటి అంచు మెల్లగా ఎత్తి, సంచి వైపు చూస్తూ నిలబడిపోయింది.

“ఏమైందక్కా?” అన్నారు మా ఆయన.

“పెట్టె ఆపరా చిన్నోడా. ప్లగ్గు తీసెయ్. ఇద్దరూ బయటికి రండి.”

జరిగిందేమిటంటే, ఫ్యాక్టరీలో దుమ్ము పీల్చే గొట్టం ఒకటి పాడైంది. ఆ యంత్రం దగ్గర నిలబడ్డాయన చొక్కా విప్పి మెడ గోక్కుంటుంటే వదిన చూసింది. అవే పొక్కులు, అవే చోట్ల. ల్యాబ్ మేడమ్‌ని అడిగింది. ఆ పొడి చెమట పట్టిన చర్మం మీద పడితే కొందరికి అలా వస్తుందనీ, వేడిలో మరీ ఎక్కువనీ, పొడికి దూరంగా ఉంటే తగ్గిపోతుందనీ ఆవిడ చెప్పింది. ఇస్త్రీపెట్టె బరువుగా ఆనినప్పుడల్లా దుప్పట్లోంచి పొడి లేస్తోంది. మా ఆయన వేడిలో, చెమటలో, దాని మీదకే వంగి నిలబడుతున్నారు.

నేను చీపురందుకున్నాను. “ఊడవకే! గాల్లోకి లేస్తుంది,” అని అరిచింది వదిన. మాస్కు కట్టుకుని, దుప్పటి మీద నీళ్లు చిలకరించి, దాన్నీ సంచినీ లోపలికి మడుస్తూ చుట్టి, సంచిలో సంచి పెట్టి మూతి బిగించింది. తడిగుడ్డతో బల్లా, గోడా, నేలా తుడిచి, ఆ గుడ్డలు కూడా అందులోనే వేసింది. ఆ మూట ఫ్యాక్టరీకే తిరిగి వెళ్లింది.

పొక్కులు తగ్గాయి. చేతులు నున్నగా అయ్యాయి. డాక్టరు సంతోషించాడు, మేనేజరు మళ్లీ దుప్పట్లు పంపాడు. కానీ మా ఆయన మళ్లీ స్టూలు మీదికి చేరారు. కొత్త దుప్పటి పరిచిన బల్ల వైపు, పాముందేమో అన్నట్టు చూస్తున్నారు. “పొడి లేకుండా నావల్ల కాదక్కా. మాస్కు కట్టుకుంటాను, చేతులకి తొడుగులేసుకుంటాను. ఒక్క సంచి తెచ్చిపెట్టు,” అని బతిమాలారు.

వదిన ఏడ్చేస్తుందనుకున్నాను. ఏడవలేదు. ల్యాబ్ మేడమ్‌ని ఒప్పించి మా ఇద్దర్నీ ఫ్యాక్టరీ ల్యాబ్‌కి తీసుకెళ్లింది. అద్దాల పెట్టె, పైన పొగ లాగే గొట్టం. లోపల రెండు గుడ్డముక్కలు వేలాడుతున్నాయి. ఒకటి ఉత్తది, ఒకటి తెల్లపొడి పామింది. మేడమ్ రెండిటికీ నిప్పంటించింది. రెండూ ఒకేలా భగ్గున కాలిపోయాయి. మా ఆయన అద్దానికి ముక్కు ఆనించి చూస్తున్నారు. తర్వాత వాళ్లు తయారుచేసిన ప్లాస్టిక్ ముక్కకి మంట పెట్టింది. మంట తియ్యగానే ముక్క ఆరిపోయింది.

“ఇదెందుకు ఆరింది? అదెందుకు ఆరలేదు?” అన్నారు మా ఆయన. ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు, ఏమైనా ఒకే రక్తం కదా.

“ఈ పొడి ఒక్కటే ఏమీ చెయ్యలేదండీ,” అంది మేడమ్. “దీనికి బ్రోమిన్ ఉన్న ఇంకో మందు తోడుండాలి. రెండిటినీ ప్లాస్టిక్‌లో కలిపి కరిగిస్తే, మంట తగిలినప్పుడు రెండూ కలిసి దాన్ని అణుస్తాయి.”

ఒంటి చేత్తో చప్పట్లు మోగవన్నమాట. తిరిగొచ్చి ఆయన దుకాణం తలుపు తీశాక వదిన వైపు తిరిగారు.

“అంటే ఇన్నాళ్లూ నా బల్ల మీద ఏ కాపలా లేదు.”

“లేదురా. పైగా నీ చేతులు పాడుచేశాను,” అంది వదిన. అప్పుడొచ్చింది ఏడుపు. “నీకు మంచి చేద్దామనే తెచ్చాను చిన్నోడా. తెలియలేదురా.”

“మరి ఎందుకు కాలలేదు? రోజూ అంతంత దుప్పట్లు చేశాను. ఒక్క మచ్చ పడలేదు. ఎందుకని?”

ఎందుకమ్మ ముక్కు తుడుచుకుంటూ నా వైపు చూసింది. ఆ కుళాయి నీళ్ల ప్రశ్న తర్వాత ఆవిడ జవాబు కోసం నా మొహం చూడటం అదే మొదటిసారి. నాకు ఒళ్లు మండింది. ఇది కూడా కనిపెట్టలేరా వీళ్లు, అక్కాతమ్ముళ్లు!

“తుమ్మొచ్చినా ప్లగ్గు పీకి తుమ్ముతారండీ మీరు! నేను టీ తెస్తే, పెట్టెను నిలబెట్టి, ప్లగ్గు తీసి, దాని అడుగు మీద తడివేలు పెట్టి చూసుకుని గానీ గ్లాసు ముట్టుకోరు. ప్రతిసారీ టీ చల్లారిపోయి నామీదే విసుక్కుంటారు. దుకాణంలో మంటలు లేచిన దగ్గర్నుంచీ మీరు పెట్టెను ఒక్కసారైనా బోర్లా వదిలారా? చెప్పండి!”

ఆయన తన కుడిచేతిని తిప్పి చూసుకున్నారు, ఎవరిదో చెయ్యి చూసినట్టు.

“వదల్లేదు,” అన్నారు నెమ్మదిగా.

ప్లగ్గు పెట్టారు. పెట్టె వేడెక్కేలోగా హోటలు దుప్పటి ఒకటి తీసి బల్ల మీద పరిచారు. చెయ్యి కొంచెం వణికింది, అబద్ధమెందుకు చెప్పాలి? వణుకుతూనే పిడి పట్టుకున్నారు.

“అక్కా, ఆ చివర పట్టుకో,” అన్నారు.

వదిన కళ్లు తుడుచుకుని వెళ్లి దుప్పటి చివర పట్టుకుంది.