పెదాలు కలిస్తే మ

టీచరుగారు పోయారన్న కబురు నాకు ఫ్లెక్సీ ఆర్డరుగా వచ్చింది. పొద్దున్నే షాపు షట్టరు ఎత్తుతుండగా ఆవిడ తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్క పోయిందండి. తెల్లారగట్ల. ఫొటో వాట్సాప్‌లో పెడతానండి. కింద ఏం రాయాలో మీకే తెలుస్తుంది కదండి, కాస్త తప్పుల్లేకుండా చూడండి," అన్నాడు. తప్పుల్లేకుండా చూడమని నాకు చెప్పే హక్కు ఈ రామచంద్రపురంలో ఒక్క మనిషికే ఉండేది. ఆవిడ పోయారని చెబుతూ ఆ మాటే అన్నాడు పాపం. "సరేనండి" అన్నాను.

ఆవిడ నాకు టైపు నేర్పిన టీచరు. టైపు మిషన్ల రోజుల్లో ఇన్‌స్టిట్యూట్ నడిపారు. మిషన్లు పాత ఇనుముకి వెళ్ళిపోయాక రెండు కంప్యూటర్లు కొని పెళ్ళికార్డులు, కరపత్రాలు, బడి ప్రశ్నపత్రాలు కొట్టడం మొదలుపెట్టారు. నేను చేరిన రోజు ఇంకా గుర్తే. పది తప్పి ఇంట్లో కూర్చున్నానని మా అమ్మ తల దించుకుని చెబితే, "మంచిదేగా, తప్పులంటే ఏంటో తెలిసిన పిల్ల. ప్రూఫులు చూడ్డానికి పనికొస్తుంది," అన్నారు. మా ఇంట్లో నా గురించి మంచి మాట వినపడి అప్పటికి మూడు నెలలైంది. వేళ్ళు నొప్పులు వచ్చాక షాపు నాకే అప్పగించారు. అయినా రోజూ పదింటికి వచ్చి తన కుర్చీలో కూర్చునేవారు.

చేతులు కడుక్కోకుండా కీబోర్డు ముట్టనిచ్చేవారు కాదు. కొప్పులో పువ్వు ఎప్పుడైనా ఉండేది, పెన్సిలు ఎప్పుడూ ఉండేది. ప్రూఫు చదివేటప్పుడు గొంతు బయటికి వచ్చేది కాదు గాని పెదాలు కదులుతూనే ఉండేవి. నేను నవ్వితే, "కన్ను మోసపోతుందమ్మాయ్, నోరు మోసపోదు," అనేవారు.

ఆవిడ పుట్టింది సముద్రపు ఒడ్డు పల్లెలో. నాన్నగారు వల వేసే మనిషి. మధ్యాహ్నం డబ్బా మూత తీస్తే ఎండు రొయ్యల వాసన షాపంతా కమ్ముకునేది. కూతురి పెళ్ళికార్డు కోసం వచ్చిన కామందుగారొకరు కండువా ముక్కుకి అడ్డం పెట్టుకుంటే ఆవిడ డబ్బా మూయలేదు. "అయిదు నిమిషాలు బయట కూర్చోండి బాబుగారూ, అన్నం తింటున్నాను," అన్నారు. ఆయన బుద్ధిగా కూర్చున్నారు. తప్పుల్లేని కార్డు కావాలంటే ఆయనకి మాత్రం వేరే దిక్కేముంది?

అంత మనిషీ చిన్నప్పుడు బడిలో ఇంటిమాట ఒకటి నోరు జారి, క్లాసంతా నవ్వితే, మళ్ళీ ఆ మాట అనలేదట. నాన్నగారు పోయాక చూస్తే ఆ మాట అనేవాళ్ళే లేరట. "సిగ్గుపడి నేనే చంపేశానమ్మాయ్ దాన్ని," అన్నారు ఒకరోజు. అందుకే మిగిలినవాటినైనా బతికించాలని పట్టుకున్నారు. గాలుల పేర్లు, నీళ్ళ నడకల పేర్లు, వలలో ఒక్కో భాగం పేరు, ఒకే చేపకి పెరిగేకొద్దీ మారే పేర్లు. గుర్తొచ్చిన మాటని గుర్తొచ్చినప్పుడు ప్రూఫు కాగితం వెనక రాసుకుని, పని లేని గంటల్లో కంప్యూటర్లోకి ఎక్కించేవారు. ఏళ్ళ తరబడి అదే పని. పుస్తకం వేయాలని ఉందని నాకొక్కదానికే చెప్పారు.

ఎక్కించిన చీటీని ఎక్కించగానే చింపేసేవారు. "ఉంచండి టీచరుగారండీ, ఎందుకైనా మంచిది," అంటే, "రెండు చోట్ల ఉంటే రెండూ కలవవు. ఒకటి అబద్ధమైపోతుంది," అనేవారు. పెన్‌డ్రైవులో ఇంకో కాపీ పెడతానన్నా అదే జవాబు. ప్రింటు తీద్దామంటే ఇంకా దిద్దడం అవలేదు. తప్పున్న కాగితం ఆవిడ చేతి మీదుగా గడప దాటకూడదు. ఆ పట్టుదలని అప్పట్లో అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. వచ్చే కోపాన్ని ఏం చేయను?

అసలు కోపం నా మీద. నిరుడు వానాకాలంలో కంప్యూటరు ఒకటే పోరు పెట్టింది, కొత్త సిస్టం వేసుకో, వేసుకో అని. ఒక మధ్యాహ్నం ఆవిడ పోస్టాఫీసుకి వెళ్ళినప్పుడు విసుగొచ్చి సరేనని నొక్కేశాను. గంటన్నర గిరగిరా తిరిగి లేచింది. ఆవిడ ఫైలు తెరిస్తే తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, ఖాళీ డబ్బాలు. మా పాత ఫాంటు ఎక్కడా కనపడలేదు. మళ్ళీ ఎక్కించబోతే ఇది ఫాంటే కాదు పొమ్మంది. ఇంటర్నెట్‌లో అదే పేరున్నదాన్ని వెతికి పట్టుకుని ఎక్కించాను. తెలుగు తిరిగొచ్చింది. పోయిన ప్రాణం లేచొచ్చింది నాకు. ఫైలు మూసేటప్పుడు కంప్యూటరు ఏదో అడిగింది. కొన్ని గుర్తులు పోవచ్చు, అయినా సేవ్ చెయ్యనా అనట, తర్వాత తెలిసింది. ఇంగ్లీషులో ఏది అడిగినా చదవకుండా అవుననడం నా అలవాటు. అవునన్నాను.

మర్నాడు ఆవిడ ఫైలు తెరిచి మొదటి పేజీ దగ్గరే కొప్పులోంచి పెన్సిలు తీశారు.

"మరి ఏదమ్మాయ్?"

"మరి ఏంటండీ?"

"అదే, మరి అన్న మాట. ఇక్కడ వరి అని ఉంది."

పాత తెలుగు ఫాంట్లలో మ అనేది ఒక్క అక్షరం కాదు. ముందు వ కొట్టాలి, తర్వాత దాని పక్కన తోక కొట్టాలి. రెండూ కలిసి మ అవుతుంది. కొత్త సిస్టం ఆ తోకని అక్షరంగా లెక్క చేయలేదు. నేను అవునన్న క్షణంలో ఫైల్లో ఉన్న తోకలన్నీ ఊడ్చి పారేసింది. మరి వరి అయింది, మంట వంట అయింది, మామగారు వావగారయ్యారు. మొదట ఇద్దరం పడిపడి నవ్వుకున్నాం కూడా. ముందుగా ఆవిడ నవ్వు ఆగింది. పుట్టుకతో వ ఏదో, తోక తెగి వ అయినది ఏదో ఇక ఆ ఫైలుకి తెలియదు. మామూలు మాటలైతే తెలుగు వచ్చినవాళ్ళెవరైనా దిద్దుతారు. ఈ మాటలు దిద్దాలంటే వాటిని విన్న చెవులు కావాలి. కాకినాడలో కంప్యూటర్లు బాగుచేసే ఆయన దగ్గరికి పరిగెత్తాను. "పాత కాపీ ఏదైనా ఉందాండి?" అని అడిగాడు. లేదన్నాను. "అయితే ఇక రాదండి," అన్నాడు.

తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. "కూర్చో. మొదటి వ నుంచి చూద్దాం," అన్నారు.

ఒక్కో మాట దగ్గరా కళ్ళు మూసుకునేవారు. నాన్నగారు అన్నట్టే, ఆ యాసలోనే, లోపల ఒకసారి అనుకుని తర్వాత పైకి అనేవారు. "నా నోరు చూడు. పెదాలు కలిస్తే మ. కింది పెదవి పంటికి తగిలి ఊరుకుంటే వ." నేను ఆవిడ మూతి చూసి తోక పెట్టేదాన్ని. పని తొందరగా అవుతుందని తెర మీద రెండు రకాలుగా రాసి చూపిస్తే మాత్రం తేల్చలేకపోయేవారు. "కంటికి తెలీదమ్మాయ్. ఆ మాటలు నేనెప్పుడైనా చదివితేగా? నోటికే తెలుసు," అనేవారు. రోజుకి రెండో మూడో. అంతకుమించితే నోరు అలవాటు పడిపోయి రెండూ సరేనంటుందని ఆపేసేవారు. వరికోతలై మాసూళ్ళు అయ్యేనాటికి మూడొంతులు దిద్దాం. మిగిలినవి అరవై చిల్లర. అన్నీ నీళ్ళ మాటలు, కష్టమైనవని చివరికి పెట్టుకున్నవి.

ఒకరోజు పదింటికి ఆవిడ రాలేదు. పదిన్నరకి తమ్ముడి ఫోన్. "అక్కకి మూతి వంకర తిరిగిపోయిందండి."

ఆసుపత్రికి వెళ్ళేసరికి కుడిచెయ్యి పడిపోయి ఉంది. నోరు ఒక పక్కకి లాగేసింది. పెదాలు కలవడం లేదు. నన్ను గుర్తుపట్టి, "అవ్వాయ్," అన్నారు. అన్నాక ఆ మాట ఆవిడకే వినపడింది. ఆవిడ ఏడవగా నేను చూడడం అదే మొదలు.

ఇంటికి తీసుకొచ్చాక మిగిలిన మాటలు ప్రింటు తీసి పట్టుకెళ్ళాను. ఒక్కోదాన్నీ నేనే రెండు రకాలుగా పలికి, "తల ఊపండి చాలు టీచరుగారండీ," అన్నాను. ఆవిడ కళ్ళు మూసుకునేవారు. పెదాలు ఒకదానికోసం ఒకటి వెతుక్కుని, కలవబోయి జారిపోయేవి. కళ్ళు తెరిచి తెలీదన్నట్టు తల అడ్డంగా ఊపేవారు. నేను పలికితే అవి ఆవిడ నాన్నగారి మాటలు కావు మరి. వరిచేల ఊళ్ళో పుట్టిన నోటితో నేను సముద్రం మాటలు పలుకుతున్నాను. నాలుగో రోజున ఎడంచేత్తో కాగితం తోసేశారు. మళ్ళీ పట్టుకెళ్ళలేదు. పట్టుకెళ్ళాల్సిందేమో, ఇప్పటికీ తేల్చుకోలేను.

పెద్దకర్మకి ఆవిడ పుట్టిన పల్లెకి వెళ్ళాను. భోజనాలయ్యాక తమ్ముడికి కాగితం చూపించాను. అతను ఇంజను బోటు మీద పెరిగిన మనిషి. "ఇంజన్లొచ్చాక ఈ మాటలతో పనేముందండి? మా నాన్న అనేవోడేమోనండి, నేను పట్టించుకుంటేగా," అని, వీధి చివర ఉన్న ముసలాయన దగ్గరికి తీసుకెళ్ళాడు. కాగితంలోంచి మాటొకటి చదవగానే ఆయన తల పైకెత్తాడు. "ఉందండి ఆ మాట! మా అయ్య అనేవోడండి," అని ఉత్సాహంగా పలికాడు. నోట్లో ఒక్క పన్ను లేదు. ఆ నోటికి వ అయినా మ అయినా పెదాలు కలిసే పోతున్నాయి. మళ్ళీ అనమంటే ఇంకోలా అన్నాడు. మూడోసారి అడిగితే, "ఏదో ఒకటి ఏసుకోండమ్మా," అన్నాడు జాలిగా. ఆయనకి దండం పెట్టి వచ్చేశాను.

పుస్తకం వేయను. ఏదో ఒకటి వేసుకోవడం ఆవిడ దగ్గర నేర్చుకోలేదు. ఫైలు మాత్రం రోజూ తెరుస్తాను. మిగిలినవాటిలో మొదటిమాటకి ఆవిడ రాసిన అర్థం చక్కగా ఉంది: పోటు ఆగిపోయాక, వెనక్కి తీసే పాటు మొదలయ్యే ముందు, నీళ్ళు ఎటూ కదలకుండా నిలబడే కాసేపు. మాట మాత్రం వెసర. లేకపోతే మెసర. షాపులో ఎవరూ లేనప్పుడు కళ్ళు మూసుకుని పైకి అంటాను, పెదాలు కలిపి ఒకసారి, కలపకుండా ఒకసారి. రెండూ ఆవిడ గొంతులోనే వినపడతాయి.