ఆయన పక్కన కూర్చున్న ఆదివారం

పెళ్లయిన నాటి నుంచీ గుడిలో నేను ఒక్కదాన్నే కూర్చునేదాన్ని. పాస్టరును చేసుకున్నాక అది తప్పదు. ఆయన తెల్లంగీ వేసుకుని ముందు నిలబడేవారు. నేను ఎడమ పక్క మూడో బెంచీ చివర, స్తంభం వెనకాల. కొత్తగా పెళ్లయిన జంటలు ఒకే పాటల పుస్తకాన్ని చెరో చేత్తో పట్టుకుని పాడుతుంటే నాకు ముచ్చటేసేది. ఒకసారి ఇంటికొచ్చాక ఆ మాట ఆయనతో అన్నాను.

"మనకూ ఆ రోజు వస్తుందిలే, రిటైరయ్యాక," అన్నారు అన్నం కలుపుకుంటూ.

కిందటి వేసవిలో ఆయన రిటైరయ్యారు.

మేమిద్దరం గుంటూరు వైపు వాళ్లం. నాచారంలోని ఈ లూథరన్ సంఘానికి వచ్చినప్పుడు గుడంటే రేకుల షెడ్డే. ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు, మౌలాలి రైల్వే క్వార్టర్స్ వాళ్లు, ఉప్పల్ నుంచి వచ్చే ఆఫీసు కుటుంబాలు, అందరూ కలిసి నెమ్మదిగా గోడలు లేపారు, పైకప్పు వేశారు. మధ్యలో బదిలీ మాట వచ్చినప్పుడల్లా సంఘం పైవాళ్ల దగ్గరికి వెళ్లి బతిమాలి ఆపించుకుంది. అలా ఇరవై ఏళ్లకు పైనే అక్కడ ఉండిపోయాం.

చివరి ఆదివారానికి ముందు రోజు సాయంత్రం స్త్రీల సమాజం పెద్దావిడ మా ఇంటికి వచ్చింది. ఆమె భర్త రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు. గుడిలో ఆమె మాటకు ఎదురు లేదు. లోపలికి కూడా రాకుండా గుమ్మంలోనే నిలబడి చెప్పింది.

"అయ్యగారూ, రేపు మీరు అంగీ ఏసుకోవద్దు."

ఆయన కంగారుపడ్డారు. "అదేంటమ్మా? చివరి ప్రసంగం రాసి పెట్టుకున్నాను."

"మీ ప్రసంగాలు మస్తు విన్నం. రేపు కొత్త పాస్టరు చెప్తడు. మీరు అమ్మగారి పక్కన కూసోండ్రి. గంతే."

"మరి నేను వీడ్కోలు మాటలు చెప్పొద్దా?"

"అన్నం ముంగట వెట్టి చెప్పిపిస్తం. అప్పుడైతె ఎవ్వరు మాట లంబా సాగదియ్యరు."

వంటింట్లో నేను నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున ఏం వేసుకోవాలో ఆయనకు తోచలేదు. ఇన్నేళ్లూ లోపల ఏ చొక్కా వేసుకున్నా పైన అంగీ కప్పేసేది. ఒక చొక్కా వేసి, విప్పి, ఇంకొకటి వేసి, అద్దం ముందు నుంచి కదలరు. "ఏవండీ, పెళ్లికొడుకు ముస్తాబు చాలు, గంట కొడుతున్నారు," అని నేనే నీలం గళ్ల చొక్కా తీసిచ్చి బయల్దేరదీశాను.

మేం లోపలికి వెళ్లేసరికి సంఘమంతా లేచి నిలబడింది. ఆయన అలవాటు కొద్దీ తిన్నగా ముందుకు నడిచిపోతుంటే మోచెయ్యి పట్టుకుని ఆపాను. మూడో బెంచీలో కూర్చున్నాం. పాటల పుస్తకం తెరిచి సగం ఆయన చేతిలో పెట్టాను.

పాట మొదలైంది. ఆయన మటుకు కుదురుగా ఉండరు. పాట నెమ్మదిగా సాగుతోందని కాలితో నేల తడుతున్నారు. పాట అయ్యాక నా చెవిలో గుసగుసలు.

"ఆ ఫ్యాను ఎప్పట్నుంచి అలా కిర్రుమంటోంది?"

"చాలా ఏళ్ల నుంచి. మీకు చెప్పాను కూడా."

"ఈ స్తంభం అడ్డమొస్తోంది. నీకసలు నేను కనిపించేవాణ్ణేనా?"

"చెయ్యి కనిపించేది. ఆశీర్వచనానికి మీరు చేతులెత్తినప్పుడు."

ఆయన నావైపు తిరిగారు. "మరి ఇన్నేళ్లూ ఇక్కడే ఎందుకు కూర్చున్నావు?"

"ఫ్యాను కింద కదా."

ముందు బెంచీలో ఆడపిల్లల భుజాలు కదులుతున్నాయి. వింటున్నారన్నమాట. ఆయన మోకాలి మీద చిన్నగా గిల్లాను.

కొత్త పాస్టరు ప్రసంగానికి లేచాడు. చిన్నవాడు. చేతిలో కాగితం అందరికీ కనిపించేంతగా వణుకుతోంది. మాట మాటకీ మావారి వైపే చూస్తున్నాడు. ఈయన ధైర్యం చెబుతున్నట్టు తలాడిస్తూ విన్నారు. కాసేపటికి ఆ తలాడించడం నెమ్మదించింది. తర్వాత ఆయన తల నా భుజం మీద వాలిపోయింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ప్రసంగంలో ఎవరైనా నిద్రపోతే ఈయన ఊరుకునే మనిషి కాదు. వచ్చిన కొత్తలో వెనక బెంచీలో గురక పెడుతున్న ఒకతన్ని పేరు పెట్టి పిలిచి మరీ లేపారు. అతను నాచారం ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి. కళ్లు నులుముకుంటూ లేచి, "నైట్ షిఫ్టు దిగి సీద గీడికే వచ్చిన అయ్యగారూ. ఇంటికి వోతె పండుకుంటనని," అన్నాడు. ఆ రోజు ఈయన మధ్యాహ్నం అన్నం సరిగా తినలేదు. సాయంత్రం అతని ఇంటికి వెళ్లి కూర్చుని వచ్చారు. అప్పట్నుంచి అతను ఎన్నిసార్లు కునికినా లేపలేదు.

ఇప్పుడు నేను ఈయన్ని లేపబోతుంటే వెనక నుంచి అతనే మెల్లగా అన్నాడు. "ఉండనియ్యండ్రి అమ్మగారూ. లేపకుండ్రి. వారం దినాల నుంచి సామాన్లు సదురుతనే ఉన్నరు."

ప్రసంగపీఠం మీంచి కొత్త పాస్టరు చూశాడు. ఒక్క క్షణం ఆగాడు. చిన్నగా నవ్వుకుని, గొంతు తగ్గించి మళ్లీ మొదలుపెట్టాడు. ఆ తర్వాత కాగితం వణకలేదు. "అయ్యగారు వింటున్నంతసేపు భయమైంది, పడుకున్నాక నోరు తిరిగింది," అని తర్వాత నాతో చెప్పాడు. ఎవరికీ నిద్రాభంగం కాకుండా చాలా చక్కగా ముగించాడు.

ఆమేన్ అనగానే ఈయన ఉలిక్కిపడి అందరికంటే ముందు లేచి నిలబడ్డారు. గుడంతా ఒక్కసారిగా ఘొల్లుమంది. ఈయనా నవ్వేశారు. నవ్వుతూ నన్నడిగారు, "ఏం చెప్పాడు?" అని.

గుడి ముందు షామియానా కింద బగారా అన్నం, మటన్, పెరుగుపచ్చడి. పెద్దావిడ అన్నంత పనీ చేసింది. గిన్నెల మూతలు తీయించి, ఘుమఘుమలు లేచాక మైకు ఆయన చేతికిచ్చింది. ఆయన జేబులోంచి కాగితాలు తీశారు. ఎదురుగా ఉన్న మొహాలను చూసి మళ్లీ లోపల పెట్టేశారు.

"ఇన్నేళ్లూ మీ ముందు నిలబడ్డాను. మీ మధ్య కూర్చుంటే ఎలా ఉంటుందో ఇవాళే తెలిసింది. ఇంత హాయిగా ఉంటుందని తెలిస్తే ఎప్పుడో రిటైరయ్యేవాణ్ణి."

నవ్వులు, చప్పట్లు. ఆయన మైకు పక్కన పెట్టి ప్రార్థన చేశారు. నాకు తెలిసి ఆయన చేసిన ప్రార్థనల్లో అంత పొట్టిది లేదు. సాయంత్రం ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ ఉంది. కుర్రాళ్లు చొక్కాల కింద జెర్సీలు వేసుకునే వచ్చారు. భోజనం అవుతూనే ఒక్కొక్కరు వచ్చి ఆయన కాళ్లకు వంగి, గుండీలు విప్పుకుంటూ మెట్రో వైపు పరిగెత్తారు.

రెండు రోజుల తర్వాత గుడివాళ్లిచ్చిన ఇల్లు ఖాళీ చేసి, సామాను వ్యానుకెక్కించి నాగారం బయల్దేరాం. అక్కడ చిన్న ఇల్లు కట్టుకున్నాం. రిటైరైన పాస్టరు కొన్నాళ్లు పాత గుడి వైపు వెళ్లకపోవడం మర్యాద. కొత్తాయన కుదురుకోవాలి కదా. ఆదివారం కళ్లు ఒత్తుకుంటూ వీడ్కోలు చెప్పినవాళ్లే వ్యాను వెనకాల ఆటోల్లో బయల్దేరారు. మేం తాళం తీసేసరికి పెద్దావిడ చీపురుతో సహా దిగింది.

"అదేంటమ్మా, మళ్లీ వచ్చేశారు?" అన్నారు ఈయన.

"మిమ్మల్ని మా గుడికి రావొద్దన్నరు గని, మేం మీ ఇంటికి రావొద్దని యాడుంది అయ్యగారూ?"

ఈయన నైట్ షిఫ్టు మనిషితో కలిసి మంచం బిగించడానికి లోపలికి వెళ్లారు. నేను స్టవ్ వెలిగించి పాలు పెట్టాను. వచ్చినవాళ్లకు గ్లాసులు చాలక సగం మందికి స్టీలు గిన్నెల్లో టీ పోశాను.