పాట కాలేదు, నిలబడు

ఓజెల్లమ్మ ఉన్నచోట ఎవరైనా పాట ఎత్తుకున్నారంటే, అది అయ్యేదాకా ఎవరూ గుమ్మం దాటకూడదు. లోపలివాళ్లు లోపలే, బయటివాళ్లు బయటే. ఇల్లు అంటుకున్నా సరే. "ఇల్లు మళ్లీ కట్టుకోవచ్చు" అంటుంది.

దక్షిణ మెంఫిస్‌లో గిలాదు చర్చి అషర్లకి ఆవిడ పెద్ద. తెల్ల బట్టలు, తెల్ల గ్లవ్సు వేసుకుని వాకిట నిలబడి, వచ్చినవాళ్లని తీసుకెళ్లి కూర్చోబెట్టడం అషర్ల పని. మిగతావాళ్లు నోరు విప్పరు, అంతా చేతి సైగలే. ఓజెల్లమ్మకి చెయ్యీ నోరూ రెండూ పనిచేస్తాయి. ఎడమచెయ్యి నడుం వెనక పెట్టి కుడి అరచెయ్యి ఎత్తిందంటే ఇక అది తలుపు కాదు, గోడ.

ఓ ఈస్టరు నాడు ఆలస్యంగా వచ్చిన పాస్టర్ క్లెమన్స్‌నే వానలో నిలబెట్టేసింది. లోపల పాట నడుస్తోంది.

"సిస్టర్ ఓజెల్లా, నేను పాస్టర్ని!"

"పాట అయ్యాక కూడా మీరే పాస్టరు. ఉద్యోగం ఎక్కడికీ పోదు."

"తడిసిపోతున్నానమ్మా!"

"బాప్తిస్మం అనుకోండి."

చర్చి వరకే అయితే మనవరాలు జొరెల్ సర్దుకుపోయేదే. కానీ ఇంట్లోనూ ఇదే వరస. ఓసారి వంటింట్లో పైపు పగిలింది. వచ్చిన ప్లంబరుకి పాడుకుంటూ పనిచేసే అలవాటు. నీళ్లు పాదాలు ముంచి పైకి ఎక్కుతున్నాయి. బయటికి పరిగెత్తబోయిన జొరెల్ ముక్కు ముందు అరచెయ్యి లేచింది.

"అమ్మమ్మా, మునిగిపోతున్నాం!"

"రెండో చరణంలో ఉన్నాడు."

"అదసలు పాటేనా? గాడిదకి పన్ను పీకుతున్నట్టుంది!"

"బాగుందో లేదో దేవుడు చూసుకుంటాడు. పాడుతున్నాడు గదా, నిలబడు."

పుట్టి బుద్ధెరిగాక తన పాట నిలబడి విన్నవాళ్లు ఆ ప్లంబరుకి వీళ్లే. ఆ సంబరంలో ఇంకో నాలుగు పాడాడు. పైపు మాత్రం బాగుపడలేదు.

చిత్రమేమిటంటే ఈ మర్యాద రేడియోకి లేదు. రేడియో పాడుతుంటే ఎవరైనా ఎటైనా పోవచ్చు. "దానికేం? జనం లేచిపోతే దాని మనసు కష్టపడుతుందా?" అనేది ఓజెల్లమ్మ. ఆ మాటలో ఏదో ఉందని జొరెల్‌కి అప్పట్లో తట్టలేదు.

జొరెల్‌కి ఇరవై రెండేళ్లు. చర్చి పాటల్లోంచి పుట్టిన సోల్ పాటలు పాడుతుంది. గొంతు బెల్లంపాకం, అందులో ఓ పచ్చిమిరపకాయ. పగలంతా రిబ్స్ హోటల్లో ప్లేట్లు కడిగి, రెండేళ్లపాటు కూడబెట్టినట్టు ఒక్కో పాటా చేసుకుని, మొదటి ఆల్బం పూర్తి చేసింది. పది పాటలు. తొమ్మిదింటికి కంపెనీ సరేనంది. పదోది ఏడు నిమిషాలు. దాని దగ్గరే పేచీ.

న్యూయార్క్ నించి కంపెనీ పెద్దమనిషి హాడన్ ఫోను చేశాడు.

"ఏడు నిమిషాలు ఎవడు వింటాడమ్మా? మూడు నిమిషాలకే జనం లేచిపోతారు. కొయ్యి."

"కొయ్యను."

"కొయ్యకపోతే ఆల్బం బయటికి రాదు."

"రాకపోతే మానె. పాట మధ్యలో ఆపడం మా ఇంటా వంటా లేదు."

అనడానికైతే అనేసింది గానీ, ఫోను పెట్టాక మిగిలిన జన్మంతా ప్లేట్లు కళ్లముందు కనిపించాయి. ఓజెల్లమ్మ ఇస్త్రీపెట్టె దగ్గర్నించి తలెత్తలేదు.

"వాణ్ణి ఆదివారం చర్చికి రమ్మను."

"వచ్చి?"

"కూర్చుని వింటాడు."

"కూర్చోకపోతే?"

ఓజెల్లమ్మ ఇస్త్రీ చేసిన గ్లవ్సు మడిచి పెట్టింది. "నిలబడి వింటాడు."

హాడన్ వచ్చాడు. ముందు వరసలో కూర్చున్నాడు. జొరెల్ పాట ఎత్తుకుంది. సరిగ్గా మూడో నిమిషంలో అతను గడియారం చూసుకుని, కోటు చంకలో పెట్టుకుని లేచాడు. అది చూసిన జొరెల్ గొంతు ఒక్క క్షణం జారింది. మళ్లీ పట్టుకుని, పిడికిలి బిగించి పాడింది.

గుమ్మం దగ్గర తెల్ల అరచెయ్యి లేచింది.

"తప్పుకోండమ్మా, విమానం ఉంది."

"పాట ఉంది."

"నేనెవరో తెలుసా?"

"తెలీదు. చివరిదాకా నిలబడితే తెలుస్తుంది, మనిషెలాంటివాడో."

"ఆ పాట మా కంపెనీదండీ!"

"మీ పాటకే మీరు లేచిపోతే ఇక ఊళ్లోవాళ్లని ఏమనాలి?"

హాడన్ పక్క తలుపు వైపు తిరిగాడు. ఓజెల్లమ్మ రెండు వేళ్లు ఆడించింది. అక్కడో అరచెయ్యి లేచింది. వెనక తలుపు దగ్గర ఇంకోటి. పాపం, మూడు గోడల మధ్య ఇరుక్కుని నిలబడ్డాడు.

నాలుగో నిమిషంలో ఆర్గన్ ఆగిపోయింది. డ్రమ్ములూ ఆగాయి. జొరెల్ గొంతూ, నేలని కొట్టే వందల పాదాలూ మిగిలాయి. ఐదో నిమిషంలో హాడన్ బూటు మడమ దానంతటదే ఆడడం మొదలుపెట్టింది. ఏడో నిమిషానికి కోటు కింద పడింది. తీసుకోవాలని కూడా తోచలేదు.

విమానం వెళ్లిపోయింది. చర్చి కింది గదిలో రెండు ప్లేట్లు వేయించిన చేపలూ మొక్కజొన్న రొట్టే లాగించి, మూతి తుడుచుకుని, "సరే, ఏడు నిమిషాలు. ఒక్క సెకను ఎక్కువైనా ఒప్పుకోను" అన్నాడు. పరువు నిలబెట్టుకోవాలిగా.

ఆల్బం వచ్చింది. నెల తిరక్కుండా మంగలి షాపుల్లో అదే, బట్టలుతికే షాపుల్లో అదే, సోల్ పాటల జాబితాలో అన్నిటికన్నా పైన అదే. జనం ఆఫీసు ముందు కారు ఆపుకుని, పదో పాట అయ్యేదాకా దిగడం లేదట. మెంఫిస్‌లో సగంమంది పనికి ఏడు నిమిషాలు ఆలస్యం. ఓజెల్లమ్మ గ్లవ్సు ఊరంతా తొడుక్కున్నట్టయింది.

చర్చిలో జొరెల్‌కి విందు పెట్టారు. అందరి ముందూ అషర్ల నియమావళిలోంచి ఆ నియమం చదివి, అమ్మమ్మకి దణ్ణం పెట్టాలని జొరెల్ పాత పుస్తకం వెతికి తీసింది. తిరగేసింది. మళ్లీ తిరగేసింది. ప్రార్థన జరిగేటప్పుడు తలుపు మూయాలని ఉంది. వాక్యం చదివేటప్పుడు మూయాలని ఉంది. పాట జరిగేటప్పుడైతే, ఆలస్యంగా వచ్చినవాళ్లని లోపలికి పంపాలని ఉంది!

"డీకన్ అమోస్, ఇదేంటి? పాస్టర్ గారు వానలో తడిసింది ఉత్తినేనా?"

చర్చి పెద్దల్లో ఒకడైన ఆ ముసలి డీకన్ బుర్ర గోక్కున్నాడు. "తప్పు నాదేనే పిల్లా. అప్పుడు నీకు ఏడేళ్లు. మొదటిసారి ఒంటరిగా పాడుతున్నావు. కింద కోడి వేగుతున్న వాసనొచ్చి నేను లేచాను. నా వెనక రెండు వరసలు లేచాయి. నువ్వు తెరిచిన నోరు తెరిచినట్టే ఆగిపోయావు. అప్పుడు లేచింది ఆ చెయ్యి. నీ ఒక్కదానికే అంటే నిన్ను ఏడిపిస్తారని, ఎవరు పాడినా అంతేనని చెప్పేసింది. అన్నాక తప్పుతుందా? పదిహేనేళ్లుగా మోస్తోంది, ప్లంబరుతో సహా."

జొరెల్ పుస్తకం పట్టుకెళ్లి అమ్మమ్మ ఒళ్లో పెట్టింది.

"ఇందులో నీ రూలు లేదు."

"నాది పాత పుస్తకంలో ఉంది."

"ఇది పాతదే. మీద నీ పేరుంది."

ఓజెల్లమ్మ కళ్లజోడు సవరించుకుని చూసింది. "అయితే అచ్చుతప్పు" అంది. అని లేచింది. "పొయ్యి మీద పీచ్ పాయసం మాడుతోంది, నన్ను పోనీ."

జొరెల్ ఆవిడ గ్లవ్ ఒకటి లాక్కుని తొడుక్కుంది. ఎడమచెయ్యి నడుం వెనక, కుడి అరచెయ్యి పైకి. పదో పాట ఎత్తుకుంది.

"ఏడు నిమిషాలా? బొగ్గయిపోతుందే!" అని మొత్తుకుంది ఓజెల్లమ్మ. పాస్టర్ క్లెమన్స్ వెళ్లి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. ఆయన మొహంలో అంత ఆనందం ఏ ఈస్టరుకీ ఎవరూ చూడలేదు.

పాయసం నిజంగానే బొగ్గయింది. ఒక్కరు కూడా మిగల్చలేదు.