నా వాకింగూ, నాలుగు గిన్నెల క్యారియరూ

నేనెప్పుడూ ఏదీ రాసినదాన్ని కాదు. ఐదో తరగతితో బడి మానేశాను. ఆ తర్వాత రాసిందల్లా సరుకుల చీటీలే. అయినా మొన్న మంగళవారం ఫిల్మ్ నగర్‌లో నా పరువెలా పోయిందో, పోయి ఎంత మేలు జరిగిందో ఎవరికైనా చెప్పకుండా ఉండలేకపోతున్నాను. నోటితో చెప్పాలంటే సిగ్గు. అందుకే ఈ కాగితం.

మా ఆయన సినిమాలకి బట్టలు కుట్టే టైలరు. షేక్‌పేట వైపు రెండు గదుల్లో ఉంటాం. ఈమధ్య నాకు మతిమరుపు ఎక్కువైంది. ఓ రోజు పొయ్యి మీద పాలు పెట్టి పక్కింటికి వెళ్ళిపోయాను. గిన్నె బొగ్గయింది! మా అమ్మకీ ఇలాగే మొదలైంది. చివరికి నన్నే చూసి "ఎవరమ్మా నువ్వు?" అంది. ఆ భయంతో డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాను.

ఆవిడ బీపీ చూసి కళ్ళు పెద్దవి చేసింది. "ఇంత బీపీ ఉంటే మెదడులో సన్నటి రక్తనాళాలు పాడవుతాయమ్మా. రక్తం సరిగ్గా అందకపోతే మతి తగ్గుతుంది. మాత్ర మానొద్దు, ఉప్పు తగ్గించు, రోజూ అరగంట గబగబా నడువు" అంది.

మాత్ర సరే. ఉప్పు కూడా సరే, మా ఆయన మొహం చిట్లించుకునైనా తింటున్నారు. నడకే! పనీపాటా లేకుండా రోడ్డెక్కి తిరిగితే నలుగురూ ఏమనుకుంటారు? అందుకని ఓ ఉపాయం చేశాను. ఖాళీ క్యారియర్ చేత్తో పట్టుకుని బయల్దేరేదాన్ని. చూసినవాళ్ళు ఎవరికో టిఫిన్ తీసుకెళ్తోంది అనుకుంటారు కదా! వారం రోజులు బ్రహ్మాండంగా సాగింది.

మంగళవారం పొద్దున్నే ఎత్తు రోడ్డు ఎక్కుతున్నాను. ఓ బంగళా ముందు వ్యాన్లు, లైట్లు, జనం. షూటింగ్! తల దించుకుని దాటిపోబోతుంటే ప్రొడక్షన్ మేనేజరు గేట్లోంచి పరిగెత్తుకొచ్చాడు.

"ఏంటమ్మా ఇంత లేటు! మేడమ్ గారు ఆకలితో ఉన్నారు. రా, రా!"

పెద్ద ఆర్టిస్టులకి ఇంటి నుంచే క్యారియర్ వస్తుంది. నేనదే తెచ్చాననుకున్నాడు పాపం. నేను "కాదండీ" అన్నాను. ఆయన వింటేగా! ఈలోగా "జరగండి, జరగండి, మేడమ్ గారి టిఫిన్!" అని అరుస్తూ నన్ను లోపలికి తీసుకుపోయాడు. లైట్‌మెన్ లేచి దారిచ్చారు. నా జన్మలో అంత మర్యాద ఎరగను!

మేడమ్ అంటే అమ్మ వేషాలు వేసే ఆవిడ. తెల్ల విగ్గు పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. ఆయన ఆవిడ ముందు స్టూలేసి, ప్లేటు పెట్టి, మొదటి గిన్నె తీశాడు. ఖాళీ. రెండోది ఖాళీ. మూడోదీ అంతే. నాలుగోదైతే బోర్లించి మరీ చూశాడు!

"ఇడ్లీ ఏదమ్మా?"

"మర్చిపోయానండీ" అన్నాను.

ఎందుకన్నానో తెలీదు. ఒట్టు, ఆ క్షణంలో నేనే నమ్మేశాను. నిజంగానే ఎవరో తెమ్మన్నారేమో, అది కూడా నా బుర్రలోంచి జారిపోయిందేమో... ఏడుపొచ్చేసింది.

మేడమ్ నన్ను ఎగాదిగా చూసింది. "ఈవిడ మా ఇంటి మనిషి కాదయ్యా బాబూ!"

ఇంక దాచలేక బీపీ, డాక్టరమ్మ, ఖాళీ క్యారియర్ అన్నీ వెక్కుతూనే చెప్పేశాను. ఆవిడ నవ్వింది చూడండీ! కళ్ళ వెంట నీళ్ళు కారి మేకప్ అంతా చెరిగిపోయింది. మేకప్‌మ్యాన్ తల పట్టుకున్నాడు. మేనేజరు నన్ను చూసిన చూపుకి అక్కడే భూమిలోకి దిగిపోవాల్సింది.

మేడమ్ నా చెయ్యి పట్టుకుంది. "పిచ్చిదానా, నువ్వేమీ మర్చిపోలేదు. ఎవరూ చెప్పని పని మర్చిపోవడమేంటి? నీ మతి నిక్షేపంలా ఉంది. నాకూ బీపీయే. నన్నూ నడవమన్నారు. రోడ్డు మీదికెళ్తే జనం మూగుతారని మానేశాను. నిన్ను చూసేదెవరే?"

అందరూ గొల్లుమన్నారు. నాకూ నవ్వొచ్చింది.

"ఎలాగూ మేకప్ పోయింది, నడిచొచ్చాక వేద్దువుగాని" అని మేకప్‌మ్యాన్‌కి చెప్పి ఆవిడ లేచింది. ఇద్దరం ఆ తోట చుట్టూ ఎనిమిది చుట్లు తిరిగాం. అంతలో అసలు టిఫిన్ వచ్చింది. నాకూ రెండు ఇడ్లీలు పెట్టించి, "పచ్చడి ముట్టుకోకు, మనిద్దరికీ ఉప్పు పడదు" అంది. అంత పెద్దావిడ! ఆవిడ చల్లగా ఉండాలి. ఎన్ని రోజుల తర్వాతో ఆ రాత్రి కంటినిండా నిద్రపోయాను.

మర్నాడు పొద్దున్నే చేతులూపుకుంటూ బయల్దేరాను. పంపు దగ్గర నీళ్ళు పడుతున్న ఆడవాళ్ళలోంచి పక్కింటి యాదమ్మ ఆపింది.

"ఏడికి పోతున్నవక్కా, గింత పొద్దుగాల?"

"మెదడుకి రక్తం పంపుదామని!" అన్నాను, గట్టిగానే. బిందెలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. తలెత్తుకుని సగం ఎత్తు ఎక్కానో లేదో, గుర్తొచ్చింది. మాత్ర వేసుకోలేదు! మళ్ళీ వాళ్ళందరి ముందు నుంచే వెనక్కి.

"ఏమాయెనక్కా, పంపినవా రక్తం?"

"పంపానే, అడ్రసు మర్చిపోయి తిరిగొచ్చింది" అని చెప్పి, మాత్ర మింగి, మళ్ళీ బయల్దేరాను.